ఒక ఉన్నత పాఠశాలలో సంచార నక్షత్రశాల: ఆగిపోయిన మొదటి రోజు, నడిచిన రెండో రోజు

నేపథ్యం

కోస్తా జిల్లాలో ఒక మండల కేంద్రం. అక్కడి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 6 నుంచి 10వ తరగతి దాకా 412 మంది పిల్లలు. ఫిబ్రవరి 28న జాతీయ సైన్సు దినోత్సవం ఉంది కాబట్టి, దానికి ముందురోజు సంచార నక్షత్రశాలను రప్పించాలనీ, 28న పిల్లల ప్రదర్శన పెట్టుకోవాలనీ బడి అనుకుంది. హైదరాబాద్‌లో 1985 నుంచి బిర్లా ప్లానెటేరియం ఉన్నా, 412 మందిని బస్సుల్లో అంతదూరం తీసుకెళ్లడం ఏ ప్రభుత్వ బడికీ అయ్యే పని కాదు. గాలి నింపే డోమ్, అంటే లోపలి పక్క ఆకాశం చూపించే గుడ్డ గుమ్మటం, ఉన్నది ఇలాంటి చోట్ల కోసమే.

డోమ్ నడిపే మేము తీసుకెళ్లిన సామాను: 6 మీటర్ల వ్యాసం, 4 మీటర్ల ఎత్తు ఉన్న గుడ్డ డోమ్. దాన్ని నిలబెట్టే అర హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ బ్లోయర్. ఒక ప్రొజెక్టరు, ఆ వెలుగును డోమ్ అంతా పరిచే కుంభాకార అద్దం. ఏ ఊరి నుంచి ఏ వేళ ఆకాశం ఎలా ఉంటుందో చూపించే స్టెల్లేరియం సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్, రెండు చిన్న స్పీకర్లు. అన్నీ కలిపి వెయ్యి వాట్లకు కొంచెం అటూ ఇటూ, అంటే 5 ఆంపియర్ల కరెంటు. ఫ్రిజ్జూ మిక్సీ నడిచే ఇంట్లో ఈ భారం లెక్కలోకే రాదు. ఇక్కడ మొదటి దెబ్బ తగిలింది మాత్రం దీని దగ్గరే.

ఈ కేసు రాయడానికి కారణం ఒకటే. జరిగిన తప్పుల్లో చాలావరకు డోమ్ ఆ ఊరు చేరకముందే జరిగిపోయాయి. ఫోన్లో మేము అడిగినవాటికి బడివాళ్లు నిజమే చెప్పారు. మేము అడిగిన తీరే తప్పు.

ముందుగా అడిగినవి, వచ్చిన జవాబులు

డోమ్ ఎక్కడ పెట్టాలి అన్నది మొదటి ప్రశ్న. తరగతి గదుల కప్పు 11 అడుగులే, డోమ్‌కు 13 అడుగులు కావాలి. మధ్యాహ్న భోజనం తినే రేకుల షెడ్డు ఉందనీ, ఎత్తు 14 అడుగులనీ చెప్పారు. అది నడికప్పు దగ్గర కొలిచిన ఎత్తు. చూరు దగ్గర 11 అడుగులే. డోమ్ గుండ్రంగా వంగుతుంది కాబట్టి సరిగ్గా నడుమ పెడితే పక్కల ఇబ్బంది లేదు. కానీ ఆ నడుమనే ఒక సీలింగ్ ఫ్యాను రాడ్డుతో సహా అడుగున్నర కిందికి వేలాడుతోంది. దాన్ని దించడానికి ఊళ్లో ఎలక్ట్రీషియన్ దొరికి, వచ్చి, విప్పేసరికి గంట పోయింది.

కరెంటు ఉందా అంటే ఉందన్నారు. ఉంది. కాకపోతే షెడ్డులో ఉన్నది లైటు పాయింటే. ప్లగ్గు పాయింటు హెచ్ఎం గారి గదిలో, 40 మీటర్ల దూరంలో.

ఎంతమంది అంటే 412 అన్నారు. 6 మీటర్ల డోమ్ నేల వైశాల్యం 28 చదరపు మీటర్లు. ప్రొజెక్టరుకూ అద్దానికీ మూల వదిలేస్తే, సర్దుకుని కూర్చుంటే 52 మంది పడతారు. 52 మంది చొప్పున ఎనిమిది ఆటలు, ఒక్కో పీరియడుకు ఒకటి. కాగితం మీద ఒక్కరోజులో అయిపోయింది. ఈ 52 అన్న అంకె ఎక్కడ తప్పిందో కింద వివరంగా ఉంది.

మొదటి రోజు

9.30కి అనుకున్న మొదటి ఆట 10.20కి మొదలైంది. ముందు 6వ తరగతి రెండు సెక్షన్లు, 52 మంది. డోమ్‌లోకి దారి ఒక గుడ్డ సొరంగం. పిల్లలు వంగి, కొందరు పాకి వెళ్లాలి. గాలి బయటికి పోకుండా ఉండేందుకు ఆ ఏర్పాటు. అందరూ లోపల కూర్చోవడానికి 9 నిమిషాలు పట్టింది. లైటు ఆపగానే కేకలు. చీకటికి సరదాపడి అరిచేవాళ్లు సగం, నిజంగా భయపడ్డవాళ్లు సగం. ఆ అరుపుల్లో ఏది ఏదో ఆట చెప్పే మనిషికి తెలియదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆట మొదలైన 11వ నిమిషంలో అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ప్రొజెక్టరు, పాట, బ్లోయర్ అన్నీ. జరిగింది ఇది: బడిలో కంప్యూటర్ల కోసం ఉన్న స్టెబిలైజరును ప్రొజెక్టరుకు మంచిదని ఎవరో తెచ్చి లైన్లో పెట్టారు. ఉదయం బోర్డు దగ్గర 196 ఓల్టులే వస్తున్నాయి. మంచినీళ్ల ట్యాంకుకు బోరు మోటారు వేయగానే అది 180కి పడింది. హెచ్ఎం గారి గది నుంచి లాగిన వైరు 0.75 చదరపు మిల్లీమీటర్లది. రాగి వైరే అయినా అంత సన్నని వైరు 40 మీటర్లు వెళ్లి తిరిగొస్తే దాని నిరోధం దాదాపు 1.9 ఓమ్‌లు. 5 ఆంపియర్లకు వైరులోనే 9 ఓల్టులు హరించుకుపోతాయి. చివరికి 171 మిగిలాయి. ఇంకొంచెం తగ్గగానే స్టెబిలైజరు తన పని తాను చేసి లైను కోసేసింది.

అది లేకపోయినా బ్లోయర్ కుంటేదే. ఇలాంటి మోటారు తిప్పే బలం ఓల్టేజీ వర్గాన్ని బట్టి తగ్గుతుంది. 230కి బదులు 171 ఇస్తే మిగిలే బలం సగానికి కాస్త పైన. అంతకుముందే డోమ్ పైభాగం మెత్తబడి, అద్దం వేసే బొమ్మ ఒక పక్కకు సాగడం కనిపించింది. ఆ గుర్తును అప్పుడు అద్దం కోణం తప్పిందనుకున్నాం. గుడ్డ మీద నక్షత్రాలు కోడిగుడ్డు ఆకారంలో సాగితే అద్దం జోలికి పోకుండా ముందు బ్లోయర్ దగ్గర ఓల్టేజీ చూడాలి.

డోమ్ ఒక్కసారిగా కూలదు. గుడ్డ తేలిక, లోపలి గాలి నెమ్మదిగా దిగుతుంది, కొన్ని నిమిషాల వ్యవధి ఉంటుంది. కానీ చిమ్మచీకట్లో తల మీదికి ఏదో దిగుతుంటే ఆ మాట 11 ఏళ్ల పిల్లకు ఎవరు చెప్పాలి? టార్చిలైటు వేసి, డోమ్‌కు విడిగా ఉన్న జిప్పు తలుపు తెరిచేలోగా పిల్లలు తాము వచ్చిన దారే గుర్తుండి సొరంగం వైపే తోసుకున్నారు. ఒక్కొక్కరు బయటపడటానికి 5 సెకన్లు. అందరూ వచ్చేసరికి నాలుగు నిమిషాలు దాటింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇద్దరు ఏడ్చారు. ఒకమ్మాయి ఆ రోజంతా షెడ్డు ఛాయకు రాలేదు.

తర్వాత ప్రయత్నించినవి

ఆఫీసు గదిలోని ఇన్వర్టరు మీద బ్లోయర్ పెట్టి చూశాం. అది స్క్వేర్‌వేవ్ రకం, అంటే కరెంటును నున్నటి అలలా కాక మెట్లు మెట్లుగా ఇచ్చేది. ఫ్యాన్లకూ లైట్లకూ సరిపోతుంది కానీ మోటారు గుర్రుమని మూలిగి, అయిదు నిమిషాల్లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. తీసేశాం. బ్లోయరుకు లైన్లో వచ్చే కరెంటు లాంటిదే ఇచ్చే సైన్‌వేవ్ ఇన్వర్టరే కావాలి.

షామియానా దుకాణం నుంచి 2 కేవీఏ పెట్రోలు జనరేటరు అద్దెకు తెచ్చారు. కరెంటు బాధ తీరింది. ఈసారి తప్పు మరొకటి. ఎండ తగలకూడదని జనరేటరును చింతచెట్టు నీడలో పెట్టారు. బ్లోయర్ గాలి పీల్చే మూతికి అది 3 మీటర్ల దూరం. మూడో ఆటలో వెనక వరుసలో ఒక అబ్బాయి, "సార్, పెట్రోలు వాసన" అన్నాడు. వెంటనే ఆపి పిల్లల్ని బయటికి పంపాం. వాసన కనిపెట్టేవాడు ఉండటం అదృష్టం. అసలు ప్రమాదం వాసనే లేని కార్బన్ మోనాక్సైడ్‌ది. బ్లోయర్ ఏ గాలి పీలిస్తే లోపలి పిల్లలందరికీ అదే గాలి. జనరేటరును గాలివాలుకు దిగువన, 20 మీటర్ల అవతలికి జరిపాకే ఆ ఆట మళ్లీ మొదలై పూర్తయింది.

నాలుగో ఆట భోజనాల తర్వాత, 1.30కి. బయట నీడలో 33 డిగ్రీలు, ఆట చివరికి లోపల 38. ఇంత వేడి ఎక్కడిదని లెక్క వేస్తే మూడు దారులు కనిపించాయి. మొదటిది పిల్లలే. కూర్చున్న పిల్లవాడి ఒంటి నుంచి సుమారు 70 వాట్ల వేడి వస్తుంది. 50 మంది అంటే మూడున్నర కిలోవాట్లు, నీళ్లు కాచుకునే రాడ్డు హీటర్లు మూడు ఏకధాటిగా వెలుగుతున్నట్టు. రెండోది రేకు. మధ్యాహ్నం ఎండకు కాలిన రేకు డోమ్ శిఖరానికి అడుగు దూరంలో ఉండి, ఆ సెగంతా నల్లటి పైగుడ్డ మీదే కుమ్మరిస్తోంది. మూడోది గాలి. ఇది చాలామందికి తట్టదు. బ్లోయర్ తిరుగుతున్నంత మాత్రాన లోపలి గాలి మారదు. బయటికి పోయే దారి ఉంటేనే కొత్తగాలి లోపలికి వస్తుంది. వెలుగు రాకుండా చుట్టూ అంచుల మీద ఇసుక సంచులు గట్టిగా పేర్చి, జిప్పు బిగించి, పని బాగా చేశామనుకున్నాం. అంత బాగా మూయడం వల్లనే బ్లోయర్ ఒత్తిడి పెంచి ఊరుకుంది. గాలి నడవలేదు.

ఈ వేడిలో 25 నిమిషాల డోమ్ సినిమా కూడా తోడైంది. గ్రహాల మధ్య రివ్వున దూసుకెళ్లే దృశ్యాలు. ఒళ్లు కదలకుండా కళ్లకు మాత్రం లోకమంతా తిరుగుతుంటే కొందరికి కడుపులో తిప్పుతుంది, బస్సు పడని పిల్లలకు మరీ. కడుపు నిండా తిని వచ్చిన ఒక అబ్బాయి జంపకానా మీద వాంతి చేసుకున్నాడు. అదీగాక సినిమా మాటలు ఇంగ్లిషు. పక్క నుంచి తెలుగులో చెబుతుంటే రెండు గొంతులు కలిసి ఏదీ వినపడలేదు.

చెప్పుల సంగతి చిన్నదే అనిపిస్తుంది. లోపల జంపకానాలు పాడుకాకుండా చెప్పులు బయట విప్పించాం. 50 జతలు ఒకే గుమ్మం ముందు. అన్నీ ఒకే రకం నీలం పట్టీల రబ్బరు చెప్పులు. ఆట అయ్యాక చీకట్లోంచి ఎండలోకి కళ్లు చిట్లించుకుంటూ వచ్చి ఎవరివి వాళ్లు వెతుక్కోవడానికి 5 నిమిషాలు. ఆలోగా తర్వాతి సెక్షన్ వాళ్లు వచ్చి తమ చెప్పులు ఆ కుప్ప మీదే విప్పుతున్నారు.

2.30కి ఆ రోజుకు ఆపేశాం. నాలుగు ఆటల్లో 196 మంది లోపలికి వెళ్లినా, 6వ తరగతి వాళ్లు 52 మందికి ఆకాశం దక్కలేదు. పూర్తిగా చూసింది 144 మంది. మిగిలింది 268. సాయంత్రం దాకా ఎలాగోలా లాగించమని కొందరు ఉపాధ్యాయులు అడిగారు. 38 డిగ్రీల్లో 50 మందిని మూసిన గుడారంలో కూర్చోబెట్టడానికి ఏ కారణమూ సరిపోదు.

సాయంత్రం తీసుకున్న నిర్ణయాలు

చోటు మార్చడమా అన్నది ముందు తేల్చాం. ఫర్లాంగు దూరంలో కల్యాణమండపం ఉంది. ఎత్తూ కరెంటూ రెండూ బాగుంటాయి. కానీ నడుమ లారీలు తిరిగే రోడ్డు. ఎనిమిది జట్లను అటూ ఇటూ దాటించడానికి ప్రతి జట్టుకూ ఇద్దరు టీచర్లు కావాలి, బడిలో అంతమంది లేరు. రాత్రి ఆటలు వేద్దామా అంటే సగం మంది పిల్లలు పక్క ఊళ్ల నుంచి ఆటోల్లో, సైకిళ్ల మీద వచ్చేవాళ్లు. రెండూ వద్దనుకున్నాం. షెడ్డు అదే, మార్చాల్సింది వేళ. ఉదయం రేకు చల్లగా ఉంటుంది. 28న ప్రదర్శనను మధ్యాహ్నానికి జరపడానికి హెచ్ఎం గారు ఒప్పుకున్నారు. పిల్లల్ని 7.15కే రమ్మని కబురు పంపారు.

తర్వాత జట్టుకు ఎంతమంది. మొదటి రోజు నేల చూసి 52 అనుకున్నాం. ఈసారి తలుపు చూసి లెక్క కట్టాం. ఏదైనా జరిగితే అందరూ రెండు నిమిషాల్లోపు బయట ఉండాలి, అది కదలని షరతు. సొరంగంలో ఒక్కరికి 5 సెకన్లు. జిప్పు తలుపు నిలువునా తెరిస్తే నడిచే బయటికి వస్తారు, ఒక్కరికి 2 సెకన్లు. 34 మందికి 68 సెకన్లు. తడబాటుకు ఇంకో ముప్పావు నిమిషం కలుపుకున్నా రెండు నిమిషాల్లోపే. 268 మందిని 34 చొప్పున చేస్తే ఎనిమిది ఆటలు. వేడి కూడా మూడున్నర కిలోవాట్ల నుంచి రెండున్నరకు దిగుతుంది.

ఒక్కో ఆటకు పట్టే కాలం: లోపలికి 4 నిమిషాలు, ఆకాశం 22, బయటికి 3, ఖాళీ డోమ్ రెండు పక్కలా తెరిచి గాలి ఆడించడానికి 6. మొత్తం 35. ఆ చివరి 6 నిమిషాలను తగ్గించి ఇంకో ఆట ఇరికించాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ 6 నిమిషాలు తీసేస్తే నాలుగో ఆటకల్లా మళ్లీ మొదటి రోజు వేడికే చేరతాం. 7.30కి మొదలుపెడితే 12.10కి అయిపోవాలి.

రెండో రోజు నడిచిన తీరు

కరెంటు రెండు దారులు చేశాం. బ్లోయరుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు నేరుగా, నడుమ స్టెబిలైజరు లేకుండా. 40 మీటర్లకు ఆ వైరులో పోయేది 3 ఓల్టుల లోపే. వైరును చుట్టగా ఉంచకుండా పూర్తిగా విప్పి పరిచాం, చుట్టలో వేడి నిలిచిపోతుంది. ప్రొజెక్టరు, ల్యాప్‌టాప్ మాత్రం యూపీఎస్ మీద. ల్యాంపు ప్రొజెక్టరు ఉన్నట్టుండి ఆగితే లోపలి ఫ్యాను తిరగక ల్యాంపు దెబ్బతింటుంది, పైగా చల్లారేదాకా మళ్లీ వెలగదు. బోరు మోటారు 6.30కే వేసి ట్యాంకు నింపి, స్టార్టరు గదికి తాళం వేశారు. జనరేటరు 20 మీటర్ల అవతల సిద్ధంగా ఉంది, వేయాల్సిన అవసరం రాలేదు.

బ్లోయర్ మూతిని ఉత్తరం పక్క నీడలోకి తిప్పాం. తడి గోనెపట్టాలు కడితే చల్లగాలి వస్తుందని బడివాళ్లు అన్నారు. రాయలసీమ పొడిగాలిలో అయితే కొంత ఫలితం ఉండేది. సముద్రం దగ్గరి ఊళ్లో గాలిలో ఉన్న తేమే ఎక్కువ. దానికి తోడు తిరిగే మోటారు ముందు నీళ్లు కారే గుడ్డ పెట్టకూడదు. వద్దన్నాం.

బ్లోయరుకు సరిగ్గా ఎదుటి పక్కన డోమ్ అంచును జానెడు ఎత్తి, వెలుగు రాకుండా దాని ముందు నల్లగుడ్డ అడ్డం కట్టాం. ఆ సందు దగ్గర ఒక ప్లాస్టిక్ కవరు పీలిక వేలాడదీశాం. అది బయటికి రెపరెపలాడుతుంటే గాలి నడుస్తున్నట్టు. నీరసంగా వేలాడితే ఎవరో లోపల సందుకు ఆనుకుని కూర్చున్నట్టు. బయట బ్లోయర్ దగ్గర కూర్చున్న పీఈటీ సారు పని ఆ పీలికను చూస్తూ ఉండటమే. డోమ్ గట్టితనం కొంచెం తగ్గింది, బొమ్మ మాత్రం చెదరలేదు. చివరి ఆటలో లోపలి వేడి బయటికంటే 2 డిగ్రీలే ఎక్కువ.

సూర్యుడు తూర్పు నుంచి వస్తాడు కాబట్టి ఆ ఒక్క పక్కే షామియానా తెరలు కట్టించాం. చెప్పులు తరగతి వరండాలోనే, బెంచీ వరుస ప్రకారం విప్పించారు. ఉదయం పూట నేల కాలదు కాబట్టి పిల్లలు ఒట్టికాళ్లతో షెడ్డుకు రావచ్చు. మధ్యాహ్నమైతే ఇది కుదిరేది కాదు.

భయం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే సామానుతో తీరేది కాదది. 6వ తరగతి వాళ్లనే మళ్లీ ముందు తీసుకున్నాం. 7.15కి వాళ్లందరినీ షెడ్డు ముందు కూర్చోబెట్టి, నేల మీద పడివున్న గుడ్డ 12 నిమిషాల్లో గుమ్మటంలా లేవడం చూపించాం. బ్లోయర్ ఆపి, అది ఎంత నిదానంగా దిగుతుందో చూపించాం. దిగిన గుడ్డను చేత్తో ఎత్తించాం. "ఇంతేనా, దుప్పటిలా ఉంది" అన్నాడొకడు. ముందురోజు మేము నోటితో చెప్పిన ధైర్యమంతా కలిపినా ఆ దుప్పటి పాటి చేయలేదు. 52 మందినీ రెండు జట్లుగా చేసి, మిగిలిన ఖాళీల్లో 7వ తరగతి వాళ్లను కూర్చోబెట్టాం. జిప్పు తలుపు దగ్గర టార్చితో ఒక టీచరు. ఉబ్బసం, మూర్ఛ ఉన్న పిల్లల పేర్లు క్లాసు టీచర్లు ముందే చెప్పారు, వాళ్ల చోటు తలుపు పక్కన. చక్రాల కుర్చీలో వచ్చే ఒక అబ్బాయిని అందరికంటే ముందు జిప్పు దారిన కుర్చీతోనే తీసుకెళ్లాం. సొరంగమే దారి అయితే ఆ అబ్బాయి బయటే ఉండిపోయేవాడు.

ఈసారి లైటు ఒక్కసారిగా ఆపలేదు. ఆ సాయంత్రం 6 గంటల ఆకాశంతో మొదలుపెట్టి, సూర్యుణ్ణి 4 నిమిషాల్లో దించాం. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడాలంటే అరగంట కావాలి, అంత వ్యవధి ఏ ఆటలోనూ ఉండదు. కానీ మొదటి అయిదారు నిమిషాల్లో వచ్చే మార్పే చాలా ఎక్కువ. నెమ్మదిగా దించిన ఆ సంజె కన్నుకూ పనికొచ్చింది, గుండెకూ పనికొచ్చింది. ఆ జట్టులో ఒక్క కేకా లేదు. ముందురోజు షెడ్డు ఛాయకు రాని అమ్మాయి తలుపు బయట కూర్చుంది. సంజె అయ్యేలోపు తనంతట తానే లోపలికి జరిగింది.

సినిమా బదులు ఆకాశం

సినిమా పూర్తిగా తీసేశాం. తెల్లటి దృశ్యాలు ఎక్కువున్న సినిమాకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. డోమ్‌లో ఒక పక్క పడిన వెలుగు ఎదుటి పక్క మీద పరావర్తనమై అక్కడి బొమ్మను వెలిసిపోయేలా చేస్తుంది. నల్లని ఆకాశం మీద చుక్కలకు ఆ బాధ ఉండదు.

ముందురోజు సాయంత్రం ఆటస్థలం నడుమ నిలబడి ఫోనుతో చుట్టూ పనోరమా తీసి, దాన్ని స్టెల్లేరియంలో దిగంతరేఖగా పెట్టాం. నీళ్ల ట్యాంకు, వేపచెట్టు, తాటిచెట్ల వరుస. సంజెలో ఆ నీడలు కనబడగానే లోపల కలకలం. ఇక ఏ పక్క ఏ దిక్కో చెప్పే పని లేకపోయింది. ట్యాంకు వైపు ఉత్తరం, తాటిచెట్ల వెనక పొద్దు గుంకుతుంది, ఇవన్నీ వాళ్లకు తెలిసినవే. ఒక అబ్బాయి లేచి వేలు చూపించబోతే ప్రొజెక్టరు వెలుగుకు చెయ్యి అడ్డమై తూర్పు ఆకాశం మీద పెద్ద చేతి నీడ పడింది. అప్పటి నుంచి చూపించడానికి నోరే, చేతులు కాదు: "ట్యాంకుకు కుడిపక్క, పైన."

ఫిబ్రవరి చివర్లో రాత్రి 7.30కి మన అక్షాంశంలో ఆకాశం పాఠం కోసం పేర్చినట్టు ఉంటుంది. గొల్లకావడి మూడు చుక్కలు దాదాపు నడినెత్తిన, దక్షిణానికి కొంచెం వాలి. పడమర పక్క పిల్లలకోడి, దాని దగ్గర ఎర్రటి రోహిణి. కిందికి దక్షిణాన అగస్త్యుడు, భూమికి 21 డిగ్రీల ఎత్తున. చెయ్యి చాచి పిడికిలి పడితే 10 డిగ్రీలు కాబట్టి, రెండు పిడికిళ్లు. ఉత్తరాన ధ్రువుడు 16 డిగ్రీలు, ఒకటిన్నర పిడికిలి. ఆ 16 మన ఊరి అక్షాంశమే అని చెప్పి, ఊరిని ఢిల్లీకి మారిస్తే ధ్రువుడు పైకి లేచాడు, అగస్త్యుడు దిగంతం దగ్గరికి కుంగిపోయాడు. భూమి గుండ్రన అని పుస్తకంలో చదివినదాన్ని అక్కడ కళ్లతో చూశారు. ఆ ఒక్క నిమిషం కోసం డోమ్ మోసుకురావచ్చు.

ఈశాన్యాన సప్తర్షుల్లో ముందువాళ్లు లేచారు, తోక ఇంకా నేలలో ఉంది. వసిష్ఠుడు, అరుంధతి సరిగ్గా దిగంతం మీద, చెట్ల మాటున. పెళ్లిలో చూపించే అరుంధతి ఏదని చాలామంది అడిగారు. 9.30 దాటాక ట్యాంకుకు కుడిపక్క చూడమని చెప్పాం. కాలాన్ని రెండు గంటలు జరిపి ఆ చోటు చూపించి, మళ్లీ 7.30కి వెనక్కి తెచ్చాం. కదలిక నెమ్మదిగా ఉండాలి. రివ్వున తిప్పితే సినిమా బాధే మళ్లీ మొదలవుతుంది.

12.20కి ఎనిమిదో జట్టు బయటికి వచ్చింది, అనుకున్నదానికంటే 10 నిమిషాలు ఆలస్యంగా.

ఇప్పుడు అడిగే తీరు

ఎత్తు ఎంత అని ఇప్పుడు అడగం. పెట్టబోయే చోట నడుమ నిలబడి పైకి ఒక ఫొటో, నాలుగు పక్కలా నాలుగు ఫొటోలు తీసి పంపమంటాం. ఫ్యానూ, దూలమూ, పాత కొక్కేలూ అన్నీ అందులోనే కనబడతాయి. కరెంటు ఉందా అని అడగం. ప్లగ్గు నుంచి ఆ చోటికి ఎన్ని అడుగులు, బోరు మోటారు ఏ వేళ వేస్తారు అని అడుగుతాం. మల్టీమీటరూ, 2.5 వైరు 50 మీటర్లూ మా సామానులోనే ఉంటాయి. మొత్తం పిల్లలు ఎంతమంది అన్నది చివరి ప్రశ్న. జట్టుకు 34 మించకుండా ఎన్ని ఆటలు వస్తాయో చెప్పి, ఎక్కువైతే రెండు ఉదయాలు అడుగుతాం, లేదా ఏ తరగతులకో బడినే నిర్ణయించుకోమంటాం. ఎండకాలంలో ఒంటిపూట బడుల వేళలే మా వేళలు. మధ్యాహ్నం ఆటలు రేకుల కింద వేయం. తరగతి గది తప్ప వేరే చోటు లేని బడులకు 6 మీటర్ల డోమ్ వద్దు. 11 అడుగుల గదిలో నిలిచే చిన్న డోమ్, 20 మంది పిల్లలు.

ఆ బడిలో పిల్లలందరికీ అరచేతిలో పట్టే కాగితం ఇచ్చాం. ఇంటి దగ్గర వారంలోగా మూడింటిని చూసి టిక్కు పెట్టాలి: గొల్లకావడి, అగస్త్యుడు, ధ్రువుడు. సైన్సు టీచరు తిరిగి తీసుకున్న కాగితాల్లో గొల్లకావడికి దాదాపు అందరూ టిక్కు పెట్టారు. అగస్త్యుడు దక్షిణాన మామిడితోటలు అడ్డున్న ఇళ్ల పిల్లలకు దొరకలేదు, మిగతావాళ్లకు దొరికాడు. ధ్రువుణ్ణి చూసినవాళ్లు కొద్దిమందే, వాళ్లలోనూ సగం మంది పక్కన ప్రశ్నార్థకం వేశారు. తప్పు పిల్లలది కాదు. అంతగా మెరవని, రెండో తరగతి ప్రకాశం ఉన్న నక్షత్రం, ఒకటిన్నర పిడికిలి ఎత్తున, సముద్రపు మసక గాలిలో, పైగా ఉత్తరాన ఊరి దీపాలు. డోమ్‌లో మేము దాన్ని ఉన్నదానికంటే స్పష్టంగా చూపించాం. ఇప్పుడు కాగితంలో ధ్రువుడి బదులు, రాత్రి ఆకాశంలో అన్నిటికంటే ఎక్కువ మెరిసే నక్షత్రం సిరియస్ ఉంటుంది. డోమ్‌లో ధ్రువుణ్ణి చూపించేటప్పుడు దిగంతం దగ్గర మసకను కూడా స్టెల్లేరియంలో వేసి చూపిస్తున్నాం.